ఫారంలో మాకొక గడి ఇప్పించండి: మంత్రిగారికి, చెక్కలో ఎముక పొదిగే విశాఖ పనివాడి బహిరంగ లేఖ

హస్తకళల వ్యవహారాలు చూసే గౌరవనీయ మంత్రివర్యులకు, విశాఖపట్నం పాతనగరం నుంచి ఒక వడ్రంగి నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా,

ఇది నా ఐదో అర్జీ. మొదటి మూడూ మీ శాఖ వారి ఏ బీరువాలో నిద్రపోతున్నాయో నాకు తెలియదు. రెండో అర్జీతో నమూనాగా ఇచ్చిన పెట్టె మాత్రం ఎక్కడుందో తెలుసు. గుమాస్తాగారి బల్ల మీద ఉంది. అందులో రబ్బరు ముద్రలు, గుండుసూదులు వేసుకుంటున్నారు. పోయిన నెల వెళ్లినప్పుడు దాని మూత మీద టీ గ్లాసు కనిపించింది. జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్కలో ఎముక రేకుతో నలభై రోజులు కూర్చుని పొదిగిన పూలతీగ మీద గుండ్రంగా టీ మరక. వాడుకుంటున్నారు కదా, అదీ ఒక ఆదరణే అనుకుని వచ్చేశాను.

చేతివృత్తుల వారికి సాయం చేసే పీఎం విశ్వకర్మ పథకం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ 18 వృత్తుల జాబితా మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అందులో వడ్రంగి ఉన్నాడు, బొమ్మలు చేసేవాడూ ఉన్నాడు. చెక్కలో ఎముక పొదిగేవాడు లేడు. "పెద్దాయనా, చెక్క అంటున్నారు కాబట్టి ఎముక పని కాదు, ఎముక అంటున్నారు కాబట్టి వడ్రంగం కాదు, మిమ్మల్ని ఏ గడిలో రాయమంటారు?" అని గుమాస్తాగారు అడిగారు. ఆ ప్రశ్నే నేను మిమ్మల్ని అడగడానికి వచ్చాను బాబూ అన్నాను. నవ్వారు. అంతే.

మూడోసారి వెళితే పెద్ద అధికారిగారే మాట్లాడారు. నా నోట లక్క అన్న మాట రాగానే, "అది ఏటికొప్పాక కదా, ఆ ఊరు ఇప్పుడు మన జిల్లాలో లేదు, అనకాపల్లి వెళ్లండి" అన్నారు. వెళ్లాను. అక్కడివారు ఆధార్ కార్డు చూసి, "మీది విశాఖ చిరునామా, అక్కడే ఇవ్వాలి" అన్నారు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు లక్క ఒక జిల్లాకూ నేను ఇంకో జిల్లాకూ పోయినట్టున్నాం. ఏటికొప్పాక వారు అంకుడు కర్రను తిరుగుడు మీద పెట్టి, రంగు లక్క పూసి బొమ్మలు చేస్తారు. 2017లో వారికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వారి మీద నాకు అసూయ లేదు, ఆ గుర్తింపు వారికి దక్కవలసిందే. మా లక్క పని వేరు. ఎముక రేకు మీద సన్నని మొనతో తీగ, ఆకు, మొగ్గ గీసి, ఆ గీతల్లోకి కరిగిన నల్ల లక్క దిగేలా రుద్ది, పైన మిగిలినదంతా గీకేస్తాం. తెల్లటి రేకులో నల్లటి గీత మాత్రం నిలుస్తుంది. చేయి ఒక్కసారి వణికితే ఆ రేకు పొయ్యిలోకే.

నాలుగో అర్జీ మీద "ఏనుగు దంతం నిషిద్ధం" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. అయ్యా, నేను రాసింది గేదె ఎముక. ఆ మాట అర్జీలో మూడు చోట్ల ఉంది. ఏనుగును చంపి కుర్చీ చేయమనే మనిషిని కాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి నాకూ తెలుసు, అది మంచిదే. దంతం పోయిందని పని కూడా పోవాలా?

కోపంలో కొంచెం చరిత్ర కూడా చెబుతాను, ఓపిక పట్టండి. 1756లోనే కార్నెయిల్ అనే బ్రిటిష్ సైనికాధికారి మన పట్నం అద్దకం బట్టలనూ, ఈ పొదిగే పనినీ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. దొరలు తమ దేశపు బీరువాల, కుర్చీల నమూనాలు తెచ్చి ఇస్తే, మన కంసాలులు ఆ టేకునూ జిట్రేగినీ తొలిచి దంతపు పూలతీగలు పొదిగారు. ఒళ్లు దొరది, ఒంటి మీది పువ్వు మనది. ఆ పూల అంచులు చూస్తే అద్దకం చీర గుర్తొస్తుంది. తర్వాత్తర్వాత గంధపు చెక్క కనిపించకుండా మొత్తం దంతపు రేకులే తాపడం చేసి, వాటి మీద మేడలూ చెట్లూ గీశారు. నాకు మాత్రం పాత పద్ధతే ఇష్టం. చెక్క కనిపించని చెక్కపని ఏం పని? అయినా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న అలాంటి కుర్చీలనే 1781లో ఇంగ్లండు రాజు మూడో జార్జి కొని రాణికి కానుకగా ఇచ్చాడు. ఇప్పటికీ అవి అక్కడి రాజవంశం వద్దే ఉన్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ మన సామాను ఉంది. అక్కడ ఆ పనితనానికి మన ఊరి పేరే పెట్టి, విజగపటం అని రాస్తారు. మన ఊళ్లో మన ఫారంలో ఆ పేరుకు ఒక గడి లేదు!

నా సంగతి వదిలేయండి. సముద్రపు గాలికి వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎముక అంత ఉబ్బదు. అందుకే గాడి ఎంత వదులు ఉంచాలో వేలితో తడిమి తెలుసుకోవాలి. అది నేర్పడానికి ఒక్క కుర్రవాడు కావాలి. నెలకు ఎంతో కొంత ఇస్తే తప్ప ఎవరు కూర్చుంటారు? మా వాడు అల్యూమినియం కిటికీల పనికి వెళ్లిపోయాడు, తప్పు పట్టను. నేను పూజామందిరాలు చేసి బతుకుతున్నాను.

ఏం కావాలి అని అడుగుతారు. ఒక గడి కావాలి. జాబితాలో ఒక పేరు కావాలి. గుర్తింపు కావాలి అని నాలుగుసార్లు రాశాను, ఐదోసారీ అదే రాస్తున్నాను. శిక్షణ అన్నారు, సంత అన్నారు, చూద్దాం అన్నారు. ఆ చూడడమేదో ఒకసారి వచ్చి మా పనిబల్ల దగ్గర చూడండి.

ఇవేవీ కుదరకపోతే కనీసం నా పెట్టె నాకు ఇప్పించండి. వానాకాలం మూత కొంచెం బిగుస్తుంది. ఉలితో పెకలించవద్దని, రెండు బొటనవేళ్లతో మెల్లగా పైకి నెట్టమని గుమాస్తాగారికి చెప్పండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక వడ్రంగి (ప్రస్తుతానికి అలాగే రాసుకోమన్నారు),
పాతనగరం, విశాఖపట్నం