రైతు బజారులో ఆ గంట

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనగానే మా విశాఖలో చాలామంది మాల్స్ వైపు చూస్తారు కానీ నాకు మాత్రం ఎంవీపీ కాలనీ రైతు బజారులో పొద్దున్నే తిరిగే ఆ గంటే ఇష్టం. దళారులు లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలుపెట్టిన బజార్లివి. ధరలు బోర్డు మీదే రాసి ఉంటాయి కాబట్టి బేరాల టెన్షన్ తక్కువ, ఇక మిగిలేవి కబుర్లే! ఆనపకాయ లేతదో ముదరదో చూపుతోనే చెప్పేసే మామ్మ, గోంగూర కట్టల మీద నాలుగు రెబ్బలు కొసరు వేసి "పప్పులోకి బాగుంటాది, పట్టుకెళ్లమ్మా" అనే ఆవిడ, వీళ్లని చూడకపోతే వారం గడిచినట్టే ఉండదు. మా అపార్ట్‌మెంట్ వాళ్లతో కూడా లిఫ్టులో కంటే అక్కడే ఎక్కువ మాట్లాడతాను. నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లు వద్దనను, ఒంట్లో బాగోని రోజున అవే దిక్కు, కానీ చేత్తో ఏరుకుని బెండకాయ చివర విరిచి చూసుకునే ఆనందం ఫోన్లో ఎక్కడిది?

అధికారులకు ఒక్కటే మనవి. రైతు బజార్లలో పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికి నీడలో నాలుగు బెంచీలు, అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మంచినీళ్లు ఉండేలా చూడండి.

- ఒక పాఠకురాలు, విశాఖపట్నం