పాత బడి తాళం ఎవరి దగ్గర ఉండాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్ష మార్కుల కాగితాలు పిల్లలతో పంపాం, చూసి సంతకం చేయండి. ఈ నెల ఉత్తరం మాత్రం మన పాత బిల్డింగ్ గురించి.

మీలో చాలామంది ఆ గదుల్లోనే చదువుకున్నారు. టేకు దూలాలు, దంతెలు, కింద షాబాద్ బండలు, మూరెడు మందం గోడలు. ఏప్రిల్ ఎండల్లో కూడా ఫ్యాన్ లేకుండా కూర్చోగలిగేవాళ్లం. నిజాం జమానాలో కట్టిన ఆ బడికి రెండు వానాకాలాలుగా తాళమే. కూలగొట్టి షాపులు కడితే కిరాయి వస్తుందని కొందరు అంటున్నారు. పైన సిమెంట్ పూసి, రంగు వేసి క్లాసులు పెట్టేయమని ఇంకొందరు. నాకు రెండూ నచ్చలేదు.

రంగు సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఆ తప్పు మనం ఒకసారి చేశాం. కొన్నేళ్ల కింద వెనక గోడకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించాం. ఏడాది పాటు అద్దంలా ఉంది, తర్వాత ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలింది. అది డంగు సున్నం, అంటే గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నంతో కట్టిన గోడ. నేలలోంచి పీల్చుకున్న తడిని మెల్లగా బయటికి వదులుతుంది. మీద సిమెంట్ పూస్తే ఆ తడికి దారి ఉండదు, లోపలే ఉండి గోడను తినేస్తుంది. కాంట్రాక్టర్‌ను అని లాభం లేదు, చేయమన్నది మేమే.

ఇక కూలగొట్టడం. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ పెట్టారు. హైదరాబాద్ సిటీ కాలేజీ భవనం 1921 నాటిది. మనుషులు తిరిగే కట్టడం నిలుస్తుంది. అయితే గద్వాల వెళ్లినప్పుడు కోట గోడల వంక కూడా ఒకసారి చూడండి. లోపల కాలేజీ ఉన్నంత మాత్రాన గోడలు వాటంతటవే బాగుపడవు.

అందుకే మున్సిపాలిటీతో ఒక ఒప్పందం కోసం మాట్లాడుతున్నాం. పగలు అది మన పిల్లల లైబ్రరీ, సైన్స్ ల్యాబ్. సాయంత్రం 5 తర్వాత గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలకు రీడింగ్ రూమ్. వాళ్లకు రోడ్డు వైపు వేరే గేటు పెడతారు, మన ఆవరణలోకి రారు. జాగా బడి పేరు మీదే ఉంటుంది. డబ్బు ఎక్కడిదని అడుగుతారేమో. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అందులోంచి కొంత మన రీడింగ్ రూమ్‌కు ఇవ్వమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడుగుతాం. మన బిల్డింగ్ రక్షిత కట్టడాల జాబితాలో లేదు కాబట్టి పురావస్తు శాఖ వచ్చి చేస్తుందని ఎదురుచూడలేం.

అందరూ సరే అంటున్నారు. ఆ ఒప్పందం మీద నేనే ఇంకా సంతకం పెట్టలేదు. రిపేరు ఎవరు చేయాలో కాగితంలో బాగానే రాశారు. మూడేళ్ల తర్వాత వానకు మిద్దె కారితే ఎవరు చూడాలో లేదు. రాత్రి కరెంటు బిల్లు ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, తెల్లారి మా స్వీపరమ్మ వచ్చేసరికి గదులు ఊడ్చి ఉంటాయా? ఇవి చిన్న విషయాలని ఒక అధికారి నవ్వారు. తొమ్మిదేళ్లుగా ఈ బడి నడుపుతున్నాను, గొడవలన్నీ తాళంచెవుల దగ్గరే మొదలవడం చూశాను. అవి రాతలోకి వచ్చాకే సంతకం.

పిల్లల విషయంలో టెన్షన్ పడొద్దు. దూలాలు, గోడలు పరీక్షించి ఇంజనీరు రాసిచ్చేదాకా ఒక్క పిల్లవాడిని కూడా లోపలికి పంపను. ఆ వరండా మెట్ల మీద ఆడుకోవద్దని మీరూ ఇంట్లో చెప్పండి. నేను రోజూ చెప్తున్నా, రోజూ ఎక్కుతున్నారు.

మూడో శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో ముసాయిదా చదివి వినిపిస్తాం. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యులు తప్పకుండా రావాలి. ఒక సాయం కూడా కావాలి. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ప్రాజెక్టుల్లో పాలమూరు కూలీల చేతులున్నాయి. మీ ఇంట్లో గానీ, వాడలో గానీ డంగు సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే పేరు ఆఫీసులో రాయించండి. పని చేయలేకపోయినా సరే, కుర్చీ వేసి కూర్చోబెట్టి పాళ్లు అడిగి రాసుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు