మీరు ఎదురుచూస్తున్న నవల ఎందుకు ఆగిందంటే

మా కొత్త యంగ్ అడల్ట్ నవలకి ముందే డబ్బు కట్టి కాపీలు బుక్ చేసుకున్న పాఠకులకు, టీచర్లకు, లైబ్రరీల వారికి నమస్కారం.

పుస్తకం చెప్పిన తేదీకి రావడం లేదు. ప్రెస్సుకి వెళ్లాల్సిన ఫైలుని ప్రచురణకర్తగా నేనే ఆపాను. కాగితం దొరక్క కాదు, ప్రింటర్ వల్ల కాదు, రచయిత్రి ఆలస్యం చేయడం వల్ల అసలే కాదు. కథ చివరి భాగాన్ని మళ్లీ రాయాలని ఆమె, నేను కలిసి నిర్ణయించుకున్నాం. ఆ రాత పూర్తయింది, ఇప్పుడు ప్రూఫులు దిద్దుతున్నాం. మీ డబ్బు నా దగ్గర పెట్టుకుని, కారణం చెప్పకుండా మిమ్మల్ని ఎదురుచూడమనడం నాకు ఇష్టం లేదు. అందుకే ఏం మారిందో, ఎందుకు మారిందో వివరంగా రాస్తున్నాను. కథ గుట్టు విప్పకుండా ఎంత చెప్పగలనో అంతా చెబుతాను.

పదిహేడేళ్ల అమ్మాయిలు ముగ్గురు. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. వాళ్లలో ఒకమ్మాయి రోడ్డు ప్రమాదంలో చనిపోతుంది. మిగిలిన ఇద్దరూ ఒకరికొకరు తోడుగా ఉంటారని అందరూ అనుకుంటారు. అలా జరగదు. ఎదురుపడిన ప్రతిసారీ మూడో మనిషి లేదన్న సంగతే గుర్తొస్తుంది కాబట్టి ఇద్దరూ తప్పించుకు తిరుగుతారు. సరిగ్గా అప్పుడే క్లాసులో కొత్తగా ఒక అబ్బాయి చేరతాడు. చనిపోయిన అమ్మాయి ఎవరో అతనికి తెలియదు. ఆ ఇద్దరిలో కథ చెబుతున్న అమ్మాయికి అతని పక్కన కూర్చుంటే ఊపిరాడుతుంది. ఆ క్లాసులో తనవైపు జాలిగా చూడనివాడు అతనొక్కడే మరి. పేర్లు ఇక్కడ చెప్పను, పుస్తకంలోనే పరిచయం చేసుకోండి.

ఈ కథలో నన్ను మొదటి నుంచీ పట్టేసింది ఒక సైన్స్ రికార్డు. చనిపోయిన అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. కథ చెప్పే అమ్మాయి రికార్డులో కుంభాకార కటకం (కాన్వెక్స్ లెన్స్) బొమ్మ కూడా తనే వేసి ఇచ్చింది. పెన్సిల్‌తో గీసిన సన్నటి కిరణాలు కటకం దాటాక ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అంతా బాగుంది కానీ కిరణాల మీద బాణం గుర్తులు పెట్టడం మరిచిపోయింది. టీచరు ఎర్ర ఇంకుతో "బాణాలేవి? సరిచేసి చూపించు" అని రాశారు. దిద్దిన రికార్డు చేతికొచ్చేసరికి బొమ్మ వేసిన అమ్మాయి లేదు. నాలుగు బాణాలు పెడితే అయిపోయే పని. ఆ నాలుగు బాణాలు పెట్టలేక ఆ పిల్ల పెన్సిల్ పట్టుకుని రాత్రంతా కూర్చుంటుంది.

మొదటి ప్రతిలో ఆ బాణాలు అబ్బాయి పెట్టేవాడు. ల్యాబ్‌లో ఆమె చేతిలోంచి పెన్సిల్ మెల్లగా తీసుకుని, ఏమీ అడక్కుండా, ఒక్కొక్కటే పెట్టేవాడు. ఆమె ఏడ్చేది, మనసు తేలికపడేది, కథ అక్కడి నుంచి సుఖాంతం వైపు నడిచేది. చాలా అందంగా రాసిన సన్నివేశం, చదివి నేనూ ఏడ్చాను. అయితే ఏ పుస్తకాన్నయినా అచ్చుకి పంపే ముందు ఆ వయసు పిల్లలు కొందరి చేత చదివించడం మా పద్ధతి. ఈసారి చదివినవాళ్లలో స్నేహితుల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు సరిగ్గా ఆ సన్నివేశం దగ్గరే ఆగిపోయారు. ఒకరు రాతప్రతి మార్జిన్‌లో ఒకే ఒక్క ప్రశ్న రాశారు: అబ్బాయి దొరికితే ఫ్రెండ్ లేని లోటు తీరిపోతుందా?

తీరదు. రచయిత్రి జవాబూ అదే, నా జవాబూ అదే. అలాంటప్పుడు తీరిపోయినట్టు కథ చెప్పకూడదు. పుస్తకం ఆగింది ఇందుకే.

ఈ వయసు వాళ్ల కోసం రాసే కథల్లో ప్రేమని దుఃఖానికి మందులా వాడటం మామూలైపోయింది. అందువల్ల ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. చనిపోయిన మనిషి ప్రేమకథ మొదలవడానికి ఒక సాకుగా మిగిలిపోతుంది. ప్రేమించిన అబ్బాయి కన్నీళ్లు తుడవడానికి తప్ప ఎందుకూ పనికిరాని బొమ్మవుతాడు. కొత్త ప్రతిలో అతనికీ ఓ మనసుంది, ఓపిక నశించే రోజులున్నాయి. ఎప్పుడూ చూడని అమ్మాయి మీద అతనికి అసూయ పుడుతుంది. పుట్టినందుకు సిగ్గుపడతాడు, అయినా ఆ అసూయ పోదు. "నువ్వు నాతో మాట్లాడుతున్నావా, తనతోనా?" అని ఒకసారి గట్టిగా అనేస్తాడు. నాకు పుస్తకం మొత్తంలో ఈ అధ్యాయమే ఎక్కువ ఇష్టం. మొదటి ప్రేమలో ఉండే భయం, మాట జారడం, జారిన మాటని వెనక్కి తీసుకోలేకపోవడం అన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఇంకో అధ్యాయం పూర్తిగా కొత్తది. ఒక సాయంత్రం వాళ్లిద్దరూ నవ్వుకుంటూ నడుస్తుంటారు. ఉన్నట్టుండి ఆమెకి తడుతుంది, పొద్దుటి నుంచి స్నేహితురాలు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని. అక్కడే కాళ్లు ఆగిపోతాయి. ఆ అపరాధ భావం ఇంటికొచ్చాక కోపమవుతుంది, ఆ కోపం అబ్బాయి మీదకి మళ్లుతుంది. మర్నాడు మళ్లీ మామూలుగా నవ్వుతుంది. ఇది నమ్మేలా ఉందా, ఒక మనిషి ఇలా మారిపోతుందా అని రాతప్రతి చదివిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. మారుతుంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన నమూనా సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు సాగుతున్న బతుకు వైపు ఊగుతూ ఉంటారు. ఆ ఊగడం మామూలే, అవసరం కూడా. రచయిత్రి ఆ సిద్ధాంతం చదివి ఈ అధ్యాయం రాయలేదు. రాశాక నేను చెబితే ఆమెకి కొంత టెన్షన్ తగ్గింది.

దుఃఖానికి ఐదు దశలుంటాయంటారే, వాటి గురించి కూడా అడిగారు. నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం, ఈ వరసలో కథ ఎందుకు నడవలేదని. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ ఆ దశల్ని 1969లో తన పుస్తకంలో రాశారు. ఆమె మాట్లాడింది చావుకి దగ్గరైన రోగులతో. తమవాళ్లని పోగొట్టుకున్నవారికి ఆ దశల్ని అన్వయించడం తర్వాత వచ్చింది, అందరూ అదే వరసలో వెళ్తారనడానికి ఆధారం లేదు. పైగా ఈ దశలు తెలిసిన పిల్లలు, నాకింకా కోపం రాలేదేంటి, నాలో ఏదైనా లోపముందా అని బెంగపడటం నేను చూశాను. అందుకే మా నవలలో మెట్లు లేవు. చివరి పేజీలో కూడా ఆమె కొన్ని విషయాల్ని అంగీకరించదు.

అయినా ఈ పుస్తకం ప్రేమ కన్నా స్నేహం గురించే ఎక్కువ మాట్లాడుతుంది, నేను దీన్ని వేయాలనుకున్నదీ అందుకే. మనిషి పోతే అందరూ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్తారు, తోబుట్టువుల్ని ఓదారుస్తారు. వెళ్లాల్సిందే. కానీ రోజుకి పది గంటలు ఆ మనిషితో గడిపిన స్నేహితురాలిని ఎవరు పలకరిస్తారు? దుఃఖం మీద పరిశోధన చేసిన కెన్నెత్ డోకా ఇలాంటి దుఃఖం గురించి 1989లో ఒక పుస్తకం తెచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని దుఃఖం, ఏడ్చే హక్కు నీకెక్కడిదన్నట్టు చూసే దుఃఖం. మా కథలో మిగిలిన ఇద్దరిలో కథ చెప్పని అమ్మాయిది అదే పరిస్థితి. తనకన్నా కథ చెప్పే అమ్మాయే చనిపోయినామెకి దగ్గరని క్లాసంతా అనుకుంటారు. అందుకని ఆమె గట్టిగా ఏడవదు కూడా. పాత ప్రతిలో ఈమె రెండు మూడు చోట్ల వచ్చి వెళ్లేది. ఇప్పుడు చివరి భాగం బరువంతా ఆమె మీదే ఉంది. రికార్డులో ఆ బాణాలు చివరికి ఎవరు పెట్టారో, అసలు పెట్టారో లేదో మాత్రం ఇక్కడ చెప్పను.

కథ మొత్తం ఆ అమ్మాయి గొంతులో, జరుగుతున్నప్పుడే చెబుతున్నట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసుకునే పెద్దావిడ గొంతు కాదు. కథ చెప్పే అమ్మాయికి రేపేమవుతుందో తెలియదు, ఈ నొప్పి ఎప్పటికైనా తగ్గుతుందో లేదో తెలియదు. పిల్లల గురించి పెద్దల కోసం రాసిన నవలకీ, ఆ పిల్లల కోసమే రాసిన నవలకీ నా దృష్టిలో అసలు తేడా ఇదే. తిరగరాసేటప్పుడు కొన్ని చోట్ల పెద్దల జ్ఞానం దొంగచాటుగా వచ్చి చేరింది. అలాంటి వాక్యాలు ఎంత బాగున్నా కొట్టేశాం.

తల్లిదండ్రులు అడిగినవాటికి జవాబులు. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు చదవొచ్చు. ప్రమాదం కళ్లకు కట్టినట్టు ఎక్కడా వర్ణించలేదు, ఫోన్ మోగడంతో ఆ అధ్యాయం అయిపోతుంది. ఆత్మహత్య ప్రస్తావన లేదు. ఒక ముద్దు ఉంది, దాన్ని తీయమని నేను అడగలేదు. ఈమధ్యే తమవాళ్లని పోగొట్టుకున్న పిల్లలకి ఇవ్వాలనుకుంటే ముందు మీరు చదివి, తర్వాత వాళ్లనే అడగండి. ఇప్పుడొద్దంటే అల్మారాలో పెట్టి ఉంచండి.

అచ్చు పని సంగతికి వస్తే, పుస్తకం 16 పేజీల ఫారాల లెక్కలో, అంటే ఒకే పెద్ద షీటు మీద అచ్చయ్యే పేజీల కట్టల లెక్కలో, అచ్చవుతుంది. కొత్త అధ్యాయాల వల్ల చివర్లో కొన్ని పేజీలు ఇంకో ఫారంలోకి జరిగాయి. అంటే కాగితం ఖర్చు పెరిగింది. పుస్తకం మందం పెరిగితే వెన్ను వెడల్పు మారుతుంది కాబట్టి కవర్ కూడా మళ్లీ చేయించాం. అయితే ఆ ఫారంలో మిగిలిన ఖాళీ పేజీలు మంచి పనికొచ్చాయి. పెద్దల కోసం అక్కడ ఒక చిన్న నోట్ రాశాం: పిల్లల దుఃఖం ఎలా ఉంటుంది, ఏం అనకూడదు, ఎప్పుడు డాక్టర్ని కలవాలి. మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి వైద్యులు వాడే డీఎస్ఎం అనే పుస్తకం ఐదో కూర్పు సవరించిన ప్రతిలో, అంటే 2022లో, దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతని చేర్చారు. పెద్దలకి కనీసం ఏడాది, పిల్లలకి, టీనేజర్లకి కనీసం ఆరు నెలలు గడిచాక కూడా రోజువారీ జీవితం సాగనంత తీవ్రంగా దుఃఖం ఉంటేనే ఆ పేరు వాడతారు. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే మాత్రం ఆ గడువు కోసం ఆగొద్దు, వెంటనే సాయం తీసుకోండి. ఈ రెండు మాటలూ నోట్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

కవర్ మీద అబ్బాయి, అమ్మాయి చేతులు పట్టుకున్న బొమ్మ వేస్తే ఎక్కువ అమ్ముడవుతుందని పుస్తకాలు పంపిణీ చేసేవారు చెప్పారు. వారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ బొమ్మ చూసి కొన్నవాళ్లు వేరే పుస్తకం ఆశిస్తారు. కవర్ మీద ఆ కటకం బొమ్మే ఉంటుంది, బాణాల్లేకుండా, పక్కన ఎర్ర ఇంకు అక్షరాలతో.

ఇక డబ్బు. ఖర్చు పెరిగినా ఇప్పటికే కట్టినవారు ఒక్క పైసా అదనంగా ఇవ్వక్కర్లేదు. మాది చిన్న సంస్థ, ఒక పుస్తకం ఆగితే తర్వాతివి కూడా వెనక్కి జరుగుతాయి. ఈసారి అలాగే జరిగింది, తర్వాత రావాల్సిన పుస్తకం కూడా ఆలస్యమవుతుంది. ఆ పుస్తకానికి డబ్బు కట్టినవారికి విడిగా రాస్తాను. మీలో ఎవరికైనా ఇంతకాలం ఆగడం కుదరకపోతే ఒక్క మెసేజ్ పెట్టండి. కారణం అడగను, పూర్తి డబ్బు వెనక్కి పంపిస్తాను. ఇప్పటికే అడిగినవారికి పంపేశాను.

కొత్త తేదీ ఇప్పుడే చెప్పను. ఆఖరి ప్రూఫు మీద రచయిత్రి సంతకం పెట్టి, ఫైలు ప్రెస్సుకి వెళ్లిన రోజే ప్రింటర్ ఇచ్చిన తేదీ మీ అందరికీ పంపిస్తాను. బుక్ చేసుకున్న వరసలోనే కాపీలు వస్తాయి. ఎక్కువ కాపీలు అడిగిన లైబ్రరీలకీ అదే వరస. పుట్టినరోజు కానుకగా ఫలానా తేదీకి కావాలని రాసినవారు కొందరున్నారు. వారు కోరితే, అదే రోజుకి అందేలా, పుస్తకం వస్తోందని చెప్పే ఒక కార్డు రచయిత్రి చేతిరాతతో పంపిస్తాం. ఎవరి పేరు మీద రాయాలో తెలియజేయండి. ఈలోగా ఇల్లు మారినవారు కొత్త చిరునామా, ఫోన్ నంబరు పంపడం మరిచిపోకండి.