నంబరుతో పాటు అర్థమూ వేయండి

తుపాను వార్తల్లో ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని రాసి వదిలేస్తే తీరవాసులకు ఏమీ తెలియడం లేదు. నిజానికి 3 ప్రమాద సంకేతమే కాదు. రేవుకు ఈదురుగాలుల ముప్పుందన్న స్థానిక హెచ్చరిక మాత్రమే. ఈ సంకేతాల పద్ధతి ఊరికే రాలేదు. 1859 అక్టోబరు 26 తెల్లవారుజామున ఆస్ట్రేలియా నుంచి లివర్‌పూల్ వెళ్తున్న రాయల్ చార్టర్ ఓడ వేల్స్‌లోని ఆంగ్లసీ తీరాన బద్దలైంది. ఒక లంగరు గొలుసు తెగింది, గంటకు రెండోదీ తెగింది. గాలి పట్టు తగ్గించాలని కొయ్యస్తంభాలు నరికేసినా ఓడ ఆగలేదు. ఒడ్డు కూతవేటు దూరంలో ఉండగానే 450 మందికి పైగా చనిపోయారు, చాలామంది రాళ్లకు కొట్టుకునే. ముందుగా హెచ్చరించే ఏర్పాటే అప్పటికి లేదు. ఆ తర్వాతే 1861లో బ్రిటన్ వాతావరణ విభాగాధిపతి ఫిట్జ్‌రాయ్ టెలిగ్రాఫ్‌తో రేవులను హెచ్చరించి, స్తంభాలపై శంకువులు, డ్రమ్ములు ఎగరేయించారు. మన రేవుల్లోనూ సంకేతాలు ఇలాగే పగలు ఆకారాలతో, రాత్రి దీపాలతో ఇస్తారు. 1, 2 దూరపు హెచ్చరికలు. 3, 4 స్థానికం. 5 నుంచి 7 ప్రమాదం. 8 నుంచి 10 పెనుప్రమాదం. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నంబరు వేసిన ప్రతిసారీ ఈ ఐదు ముక్కలూ వార్త పక్కనే చిన్న పెట్టెలో అచ్చువేయాలి.