రైడ్ ఆగిన సంగతి టికెట్ కౌంటర్ దగ్గరే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడ్డాయంటే పేపర్ల నిండా పార్కుల రంగుల ప్రకటనలే. అందులో 'కొత్త రైడ్' అన్న మాట కనిపిస్తే ఇక ఇంట్లో పిల్లలు ఊరుకోరు. ఆ కొత్త రైడ్‌ల గురించే ఈ ఉత్తరం. నేను పాల్వంచ థర్మల్‌లో టర్బైన్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, తిరిగే యంత్రం ఏది కనిపించినా కాసేపు నిలబడి చూడటం అలవాటు.

2025 వేసవిలో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ వెళ్లాం. అక్కడి నుంచి కారులో రెండు గంటల దూరంలో, ఈరీ సరస్సు ఒడ్డున సెడార్ పాయింట్ అనే పార్కు ఉంది. 1870 నాటిది. అందులో 'టాప్ థ్రిల్ 2' అనే రోలర్ కోస్టర్ కోసం మా మనవరాలు వారం ముందు నుంచే ఒకటే గొడవ. "తాతయ్యా, నువ్వూ ఎక్కాలి" అని. మా ఆవిడ నా బీపీ మాత్రల డబ్బా గుర్తుచేసింది, దాంతో ఆ చర్చ ముగిసింది. నేను కింద నిలబడి చూసినవాణ్నే.

ఆ రైడ్ కథ చెప్పుకోదగ్గది. 2003లో అక్కడే 420 అడుగుల ఎత్తున 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్' మొదలైంది. హైడ్రాలిక్ మోటార్లు తీగతాడుతో బండిని లాగి గంటకు 193 కిలోమీటర్ల వేగంతో వదిలేవి. 2021 ఆగస్టులో బండి నుంచి ఒక లోహపు ముక్క ఊడి, క్యూలో నిలబడ్డ ఒకావిడకి తగిలి తీవ్ర గాయమైంది. దాంతో రైడ్ మూతపడింది. (ఒహాయోలో రైడ్‌లను తనిఖీ చేసేది వ్యవసాయ శాఖ! మా అబ్బాయి చెబితే నమ్మలేదు, తర్వాత చదివి తెలుసుకున్నాను.) ఆ తర్వాత జాంపెర్లా అనే ఇటలీ కంపెనీతో దాన్ని మార్చి కట్టించారు. తీగతాడు పోయి విద్యుదయస్కాంతాలు వచ్చాయి. 2024 మే 4న తెరిచారు. వారం తిరిగేసరికి మూసేశారు. బండ్లకు మార్పులు చేయాలన్నారు. ఆ సీజనంతా మళ్లీ తెరవలేదు. 2025 మేలో తెరిచాక కూడా మధ్యమధ్య ఆగుతూనే ఉందని అక్కడ అందరికీ తెలుసు. "ముందు దీనికే వెళ్లండి, మధ్యాహ్నానికి ఉంటుందో ఉండదో" అని మా అబ్బాయి స్నేహితులు చెప్పి పంపారు. మా అదృష్టం, ఆ రోజు బాగానే నడిచింది.

బండి మొదట ముందుకు గంటకు 119 కిలోమీటర్లతో పోతుంది. ఎదురుగా ఉన్న టవర్‌ని కొంతవరకు ఎక్కి, అందక వెనక్కి జారుతుంది. వెనక్కే ఇంకా వేగం పుంజుకుని, గంటకు 163తో, వెనకవైపు నిలువు టవర్ ఎక్కుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగినప్పుడు ఎక్కినవాళ్ల ముఖాలు సూటిగా నేలవైపు ఉంటాయి. కిందికి జారి మళ్లీ ముందుకు, ఈసారి 193తో, 420 అడుగులూ దాటేస్తుంది. మనవరాలు దిగి వచ్చాక మాట రాలేదు, చేతులతోనే చెప్పింది. "ఆ వెనక టవర్ మీద ఆగిందే, అక్కడ నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నా" అంది తర్వాత. వాళ్ల నాన్న మాత్రం "తనే పట్టుకుందా, నేనా" అని నవ్వాడు. నాకు నచ్చింది చివర్లో ఉన్న బ్రేకులు. కరెంటు అక్కర్లేని శాశ్వత అయస్కాంతాల బ్రేకులు కాబట్టి కరెంటు పోయినా పట్టుకుంటాయి. అలాంటిది చూస్తే పనివాడి కడుపు చల్లబడుతుంది.

ఇలాంటి యంత్రం మొదటి ఏడాది ఆగకుండా నడవాలని కోరుకోవడం అత్యాశ. మా దగ్గర కొత్త యూనిట్ వచ్చినా మొదట్లో ఊరికే ట్రిప్ అయ్యేది, అంటే తనంతట తానే ఆగిపోయేది. సెన్సార్ ఒకటి తప్పుడు రీడింగ్ ఇస్తుంది, ఇంటర్‌లాక్ అనే రక్షణ ఏర్పాటు యంత్రాన్ని ఆపేస్తుంది. రైడ్‌కీ అంతే. ముందు బండి తన భాగం దాటిందని కంప్యూటర్‌కి నిర్ధారణ కాకపోతే వెనక బండిని కదలనివ్వదు. అది యంత్రం పాడవడం కాదు, కాపలా మేలుకుని ఉండటం. జనానికి ఈ తేడా ఎవరూ చెప్పరు. పైగా ఎండలో గంటసేపు క్యూలో నిలబడ్డవాడికి చెప్పినా ఎక్కదు.

నా కోపం వేరేచోట. మొన్న దసరా సెలవులకి మా అమ్మాయి పిల్లలతో మన దగ్గరే ఒక పార్కుకి వెళ్లాం. గేటు పక్కన కొత్త రైడ్ ఫ్లెక్సీ, మనిషి ఎత్తుకి రెండింతలు. టికెట్లు కొన్నాం, చేతులకి బ్యాండ్లు వేశారు, ఎండలో అంత దూరం నడిచి వెళ్తే అడ్డంగా తాడు కట్టి ఉంది. "మెయింటెనెన్స్ సార్" అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు. ఎప్పటి నుంచి అంటే "మూడు రోజులైంది" అన్నాడు. మూడు రోజుల నుంచి మూసి ఉంటే కౌంటర్‌లో ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? మెయింటెనెన్స్ అన్న మాటే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది, దాన్ని తప్పుపట్టను. డబ్బులు తీసుకున్నాక చెప్పడాన్ని తప్పుపడుతున్నాను. ఆ కుర్రాణ్ని నా కళ్ల ముందే నలుగురు తిట్టారు. ఒకాయన "ఒక్క రౌండ్ తిప్పితే ఏమవుతుంది, పిల్లలు ఏడుస్తున్నారు" అని ఆపరేటర్‌ని పట్టుకుని వదల్లేదు.

నాకు భయం వేసింది అక్కడే. కరెంటు ఉత్పత్తి కావాలని పైనుంచి ఒత్తిడి పెరిగినప్పుడు ఇంటర్‌లాక్ పనిచేయకుండా బైపాస్ చేద్దామా అన్న ఆలోచన ఎలా పుడుతుందో చూసినవాణ్ని. ఇరవై ఏళ్ల ఆపరేటర్ మీద రెండొందల మంది అరుస్తుంటే అతను ఎంతసేపు తట్టుకుంటాడు? ఆ అరుపులు పుట్టేది తాడు దగ్గర కాదు, టికెట్ కౌంటర్ దగ్గర. అక్కడే ఒక పలక మీద సుద్దతో "ఈ రోజు ఫలానా రైడ్ లేదు" అని రాస్తే ఇష్టమైనవాళ్లు లోపలికి వస్తారు, లేనివాళ్లు ఇంకో రోజు వస్తారు. సెడార్ పాయింట్‌లో ఏ రైడ్ నడుస్తోందో, ఏది ఆగిందో ఫోన్ యాప్‌లోనే కనిపిస్తుంది. అంత ఖర్చు కూడా అక్కర్లేదు మనకి, సుద్దముక్క చాలు.

పార్కులకు లైసెన్సులు ఇచ్చే అధికారులు ఈ ఒక్క షరతు పెట్టాలని కోరుతున్నాను. టికెట్ కొన్నాక రైడ్ ఆగితే, అదే టికెట్‌తో మరో రోజు రానివ్వాలి. మీ పత్రిక కూడా ఆ ప్రకటనలు తీసుకునేటప్పుడు, రైడ్ ఆ వారం నడుస్తోందా అని ఒక్క మాట అడిగితే బాగుంటుంది.

— థర్మల్ విశ్రాంత ఉద్యోగి, పాల్వంచ