మా రౌటరు మేము పెట్టుకుంటాం: పెమ్మసాని చంద్రశేఖర్ గారికి బహిరంగ లేఖ

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. ఢిల్లీకి చేరవలసిన ఉత్తరమే అయినా, మీరు తెలుగువారు కనుక తెలుగులోనే రాస్తున్నాను. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఉంటాను. ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్కు పనులు చేయడం నా వృత్తి. నేను అడగబోయేది నిధులు కాదు, ఒక నిబంధన. ఇంట్లో సొంత రౌటరు పెట్టుకుంటామంటే ఇంటర్నెట్ కంపెనీ కాదనకూడదు.

ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇంట్లోనూ కంపెనీవాళ్లు గోడకు ఒక డబ్బా బిగించి వెళతారు. కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీ, రౌటరు, వై-ఫై అన్నీ అందులోనే. ఆటల మీద ఆసక్తి ఉన్నవాళ్లు వేలు పోసి మంచి గేమింగ్ రౌటరు కొని దాని వెనక తగిలిస్తారు. ఇక ఇంట్లోని పరికరాల ఇంటర్నెట్ చిరునామాను (ఐపీ) సొంత రౌటరు ఒకసారి మారుస్తుంది, కంపెనీ డబ్బా మరోసారి మారుస్తుంది. ఇలా మార్చడాన్ని న్యాట్ అంటారు, రెండుసార్లు మారితే డబుల్ న్యాట్ అంటాం.

డబుల్ న్యాట్ ఉన్నంత మాత్రాన ఆటలన్నీ ఆగిపోతాయని నేను అనను. సర్వరు మీద నడిచే ఆటలు చాలావరకు మామూలుగానే సాగుతాయి. ఆటగాళ్ల పరికరాలు నేరుగా మాట్లాడుకోవలసిన చోటే తంటా. ప్లేస్టేషన్ న్యాట్ టైప్ 3 అని చూపిస్తుంది, ఎక్స్‌బాక్స్ స్ట్రిక్ట్ అంటుంది. రెండింటి అర్థమూ నేరుగా కలవడం కష్టమనే. స్నేహితుడి గొంతు వినబడదు, మనం మొదలుపెట్టిన ఆటలోకి ఎవరూ రాలేరు. మన రౌటరులో బయటివాళ్లు లోపలికి వచ్చే దారి (పోర్టు) తెరిచినా ముందున్న డబ్బాలో అది మూసే ఉంటుంది. గేమింగ్ రౌటరు కొనగానే పింగ్, అంటే సంకేతం సర్వరుకు వెళ్లి వచ్చే సమయం, సగానికి పడిపోతుందని అమ్మేవాళ్లు చెప్పే మాటనూ నేను నమ్మను. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ఆట సర్వరు ముంబయిలో ఉందనుకోండి. విశాఖ నుంచి అక్కడికి గీత గీసినట్టు కొలిచినా దాదాపు 1,100 కిలోమీటర్లు. వెళ్లి రావడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. రౌటరుకు ఎనిమిది యాంటెన్నాలున్నా ఆ దూరం తగ్గదు.

మరి సొంత రౌటరు దేనికంటారా? ఇంట్లో ఒకరు పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారనుకోండి. పైకి వెళ్లే దారి నిండిపోయి డేటా ముక్కలు (ప్యాకెట్లు) డబ్బాలో బారులు తీరతాయి. 20 మిల్లీసెకన్లున్న పింగ్ 300 దాటిపోతుంది. పక్క గదిలో ఆడుతున్న కుర్రాడికి ఎదుటివాడు కనబడేలోపే ఆట ముగుస్తుంది. ఆ సమయంలో వీడియో కాల్‌లో ఉద్యోగ ఇంటర్వ్యూ ఇస్తున్నవాళ్ల పరిస్థితీ అంతే. మంచి రౌటరు ఆ బారును పెరగనివ్వదు, ఆట తాలూకు చిన్న ప్యాకెట్లను ముందు పంపిస్తుంది. అయితే ఇంటి ట్రాఫిక్ మొత్తం దాని గుండానే పోవాలి. హాల్లో టీవీ కంపెనీ డబ్బా వై-ఫైకే కలిసి ఉంటే, అది ఎంత లాగుతోందో సొంత రౌటరుకు తెలియనే తెలియదు. పైగా రెండు వై-ఫైలూ ఒకదానికొకటి అడ్డు. 2.4 గిగాహెర్ట్జ్‌లో పరస్పరం అడ్డురాని చానళ్లు 1, 6, 11 మాత్రమే. ఎంవీపీ కాలనీ అపార్టుమెంట్లలో ఫోను తెరిస్తే పొరుగువాళ్ల వై-ఫై పేర్లతోనే తెర నిండిపోతుంది, అందులో మనవే రెండు.

దీనికి మందు ఎప్పుడో ఉంది, బ్రిడ్జ్ మోడ్. డబ్బా కాంతిని మార్చే పనికి పరిమితమవుతుంది, మిగతాదంతా సొంత రౌటరు చూసుకుంటుంది. చాలా కనెక్షన్లకు కావలసినవి ఆ సెట్టింగు, కంపెనీ నెట్‌వర్కులోకి లాగిన్ అయ్యే (పీపీపీఓఈ) యూజర్‌నేమ్, పాస్‌వర్డు, ఒకే లైనులో ట్రాఫిక్‌ను వేరుచేసే వీలాన్ నంబరు. ఇంతే. సీతమ్మధారలో ఒక ఇంటికి వీటిని సంపాదించేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. కంపెనీ పేరు ఎత్తను. కాల్ సెంటరుకు ఎప్పుడు ఫోను చేసినా డబ్బా ఆపి మళ్లీ వేయమనడమే. చివరికి పంపించిన కుర్రాడు మంచివాడు. డబ్బాను తిరగేసి, అడుగున అంటించిన చీటీని ఫోను లైటుతో చదివి, ఆ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లాడు. వై-ఫై పేరు మార్చే పేజీ తప్ప మరేదీ తెరుచుకోలేదు. "మాకూ ఇంతే కనబడుతుంది సార్, మిగతాది ఆఫీసువాళ్లు అక్కడి నుంచే చేయాలి" అన్నాడు. చేశారు. కొన్నాళ్లకు దూరం నుంచే డబ్బాకు కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించారు, బ్రిడ్జ్ మోడ్ కాస్తా ఎగిరిపోయింది. ఆ ఇంటావిడ ఫోను చేసి, "మీరు బిగించిన రౌటరు పాడైపోయింది బాబూ" అన్నారు.

డబ్బా తమ చేతిలోనే ఉండాలనే కంపెనీల వాదనలో న్యాయం లేదని కాదు. ఒకే ఫైబర్‌ను 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. ప్రతి ఓఎన్‌టీ తన వంతు వచ్చినప్పుడే సంకేతం పంపాలి. ఒక్కటి గతి తప్పినా ఆ లైను మీదున్న ఇళ్లన్నింటికీ ఇబ్బందే. కనుక ఓఎన్‌టీ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమలైన చట్టం మోడెమ్‌ను కూడా వినియోగదారు ఎంపికకే వదిలింది, నేను అంత దూరం పోవడం లేదు. మా కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ మీటరుకు సీలు వేస్తుంది, సబబే. మీటరు దాటాక ఏ ఫ్యాను తిప్పుకోవాలో చెప్పదు. ల్యాండ్‌లైను ఫోను కూడా ఆ డబ్బాలోంచే వస్తుందని కొందరు అడ్డు చెబుతారు. ఫోనుకు వేరే వీలాన్ ఇస్తే, ఇంటర్నెట్‌ను బ్రిడ్జ్ చేసినా ఫోను మోగుతూనే ఉంటుంది.

మీ శాఖ 2018 జులైలో నెట్ న్యూట్రాలిటీ సూత్రాలకు ఆమోదం తెలిపింది. ఏ సైటు చూడాలో కంపెనీ నిర్ణయించకూడదన్నారు. ఏ రౌటరులోంచి చూడాలో మాత్రం కంపెనీయే నిర్ణయిస్తోంది! ఐరోపా సమాఖ్య 2015 నాటి నియమావళిలోనే తమకు నచ్చిన పరికరం వాడుకునే హక్కును వినియోగదారులకు రాసి ఇచ్చింది.

ఇంకో అడ్డుగోడ గురించి కూడా చెప్పాలి. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు (ఐపీవీ4) మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలక కంపెనీలు బయటి ఇంటర్నెట్‌కు కనబడే ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. రౌటరులో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా కనబడితే అదే సంగతి. బ్రిడ్జ్ మోడ్ ఇచ్చినా ఆ గోడ కదలదు. ఈ విషయం కనెక్షన్ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. ఆ కొరత తీర్చడానికి వచ్చిన కొత్త పద్ధతి ఐపీవీ6 వాడకంలో మన దేశం ముందు వరుసలో ఉన్నా, కంపెనీ డబ్బా వెనకనున్న రెండో రౌటరుకు ఆ చిరునామాలు పంచి ఇవ్వని కనెక్షన్లు ఎన్నో చూశాను. విశాఖలో పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ ఏఐ హబ్‌తో సముద్రగర్భ కేబుళ్లు మా తీరానికి వస్తాయంటున్నారు. రానివ్వండి, సంతోషమే. వాటితో గోడ మీది డబ్బా తాళం ఊడిపోదు.

బ్రిడ్జ్ మోడ్ అడిగిన ఇంటికి యూజర్‌నేమ్, పాస్‌వర్డు, వీలాన్ నంబరు వంటి వివరాలన్నీ వారం రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. సాఫ్ట్‌వేరు మార్చినప్పుడు ఆ అమరికను చెరపకూడదు. ఇంటికి సొంత పబ్లిక్ ఐపీ ఇస్తారో లేదో ప్లాను ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో అచ్చు వేయాలి. దీని మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ను సంప్రదింపుల పత్రం వెలువరించమని మీ శాఖ కోరితే, మా పనివాళ్లం ఎదుర్కొన్న ఇబ్బందులన్నీ డబ్బా మోడళ్లతో సహా రాసి పంపిస్తాం.

ఇట్లు,
ఒక నెట్‌వర్కు పనివాడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం