ప్యాకింగ్ పని నేర్పుతున్నవారికి

అందరికీ నమస్కారం. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు పది సబ్బులు పెట్టెలో సర్దడం నేర్పేటప్పుడు లెక్కపెట్టమనకండి. అట్ట మీద పది గళ్లు గీసివ్వండి. గళ్లు నిండితే పది అయినట్టే, లెక్కలు రాకపోయినా పని ఆగదు. మూత అంటించే చివరి మెట్టు ముందు నేర్పి, ఒక్కో మెట్టూ వెనక్కి కలుపుకుంటూ రండి. రోజూ పని ముగించేది వాళ్లే అవుతారు.

ఎక్కువగా దెబ్బతినేది మాటసాయం దగ్గరే. ప్రతిసారీ "తర్వాత ఏంటి?" అని అందిస్తుంటే ఆ మాట కోసమే ఆగిపోతారు. ఐదు సెకన్లు ఆగండి, తర్వాత వేలితో చూపండి, అప్పటికీ కాకపోతేనే చెప్పండి.

శిక్షణ సెంటర్‌లో వచ్చిన పని ఉద్యోగంలో తడబడితే మరిచిపోయారనుకోవద్దు. బల్ల, వెలుతురు, చప్పుడు అన్నీ మారాయి. మొదట్లో శిక్షకులు పక్కనే ఉండి మెల్లగా తప్పుకోవాలి. సూపర్‌వైజర్‌కి ముందే చెప్పండి: ఒకసారికి ఒకే సూచన. ఇంకోటి, వాళ్లు పెద్దవాళ్లు, చిన్నపిల్లల్లా గారాబం చేయకుండా పేరుతో పిలవమనండి.